ట్రాక్టరు సాలు తప్పేది ఎక్కడ? పొలం జీపీఎస్‌కు బేస్ స్టేషన్, రేడియో రిపీటర్ నిలబెట్టడం

ఖరీఫ్ వేరుశనగలో సాలుకూ సాలుకూ నడుమ 30 సెంటీమీటర్లు. ఫోనులో ఉండే మామూలు జీపీఎస్ మూడు మీటర్ల దాకా అటూ ఇటూ చూపిస్తుంది. అంటే పది సాళ్ల తేడా. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తెచ్చిన గగన్ సవరణలు కలుపుకున్నా లెక్క మీటర్లలోనే ఉంటుంది. మందు కొట్టడానికి అది చాలొచ్చు గానీ విత్తడానికి, బోదెలు తోలడానికి, డ్రిప్ లైను పక్కన గొర్రు నడపడానికి చాలదు. అక్కడ కావలసింది రెండు మూడు సెంటీమీటర్లు. అంత ఖచ్చితత్వం ఇచ్చేది ఆర్‌టీకే (రియల్ టైమ్ కైనమాటిక్). మన ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేకు సర్వేయర్లు గట్ల మీద పట్టుకుని తిరిగిన రోవర్లు పనిచేసేదీ ఈ పద్ధతిలోనే.

సూత్రం పెద్దదేమీ కాదు. రెండు రిసీవర్లు ఒకే సమయంలో ఒకే ఉపగ్రహాలను వింటాయి. ఒకటి ఒకచోట కదలకుండా ఉంటుంది, దాని చోటు మనకు ముందే తెలుసు. అది బేస్. రెండోది ట్రాక్టరు టాపు మీద తిరుగుతుంది. అది రోవర్. ఉపగ్రహం గడియారంలో, కక్ష్యలో, పై వాతావరణంలో పుట్టే తప్పులు దగ్గర దగ్గరగా ఉన్న రెండింటికీ ఇంచుమించు ఒకేలా తగులుతాయి. బేస్ తన కొలతలను సెకనుకోసారి పంపిస్తే రోవర్ ఆ తప్పులను కొట్టేసుకుంటుంది. ఇక మిగిలేది తరంగాల లెక్క. జీపీఎస్ ఎల్1 తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ యాంటెన్నాకూ నడుమ అలాంటివి ఎన్ని పడతాయో పూర్ణసంఖ్యల్లో తేలితే తెర మీద ‘ఫిక్స్’ వస్తుంది. తేలకపోతే ‘ఫ్లోట్’. ఫ్లోట్‌లో ట్రాక్టరు నడుస్తుంది, సాలు మాత్రం జానెడు అటూ ఇటూ పోతుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పొలంలో మొబైల్ డేటా నిలకడగా వస్తుంటే, బేస్ కొలతలను ట్రాక్టరుకు చేర్చే సొంత రేడియో అక్కర్లేదు. బేస్ డేటాను ఇంటర్నెట్ మీద ఎన్‌ట్రిప్ పద్ధతిలో పంపవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా శాశ్వతంగా నిలబెట్టిన బేస్‌ల వరుస, కార్స్ నెట్‌వర్క్ సేవ తీసుకుంటే సొంత బేస్ కూడా వద్దు. శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు చదును మాగాణుల్లో చాలామందికి ఇదే చవక. శేషాచలం అంచున, పలమనేరు, కుప్పం వైపు గుట్టల మధ్య, తోటల లోపల సిగ్నల్ వచ్చి పోతూ ఉండే చోట్లలోనే రేడియోకు అర్థం ఉంది.

బేస్ యాంటెన్నా ఎక్కడ

దానికి కావలసినవి రెండే: నాలుగు వైపులా ఆకాశం, కదలని కాలు. చుట్టూ దిగంతం నుంచి 10–15 డిగ్రీల పైన ఏమీ అడ్డు ఉండకూడదు. కొండ పాదాన ఇల్లు ఉంటే ఆకాశంలో ఒక పక్క మొత్తం పోయినట్టే. మిద్దె మీద పెట్టేటప్పుడు పిట్టగోడకు బిగించడం అందరూ చేసే పని. పిట్టగోడ ఎండకు సాగుతుంది, ఎవరైనా ఆనుకున్నా కదులుతుంది. కింద ఆర్‌సీసీ పిల్లరు ఉన్నచోటే, స్లాబు మీద 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో పునాది ప్లేటు వేసి, రెండంగుళాల జీఐ పైపు మీటరున్నర ఎత్తున నిలపండి. నేల మీదైతే 60 సెంటీమీటర్ల చదరాన, 90 సెంటీమీటర్ల లోతు గుంత తీసి కాంక్రీటు పోసి పైపు పాతాలి. వారం ఆరనిచ్చాకే యాంటెన్నా ఎక్కించాలి.

నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు మీద మాత్రం వద్దు. నిండినప్పుడు ఒక ఎత్తు, ఖాళీ అయినప్పుడు ఇంకో ఎత్తు. రేకుల షెడ్డు పక్కనా వద్దు. ఉపగ్రహ తరంగం రేకు మీద పడి తిరిగి యాంటెన్నాకు తగిలితే బేస్ కొలతే తప్పుతుంది. ఆ తప్పు అన్ని ట్రాక్టర్లకూ సమానంగా పంచిపెట్టబడుతుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. తప్పనిసరైతే యాంటెన్నా రేకు కంటే కనీసం రెండు మీటర్లు పైన ఉండాలి, దాని కింద అరచేతికన్నా పెద్దదైన లోహపు ప్లేటు ఉండాలి. యాంటెన్నా ఎల్1, ఎల్2 రెండూ పట్టేదై ఉండాలి. జెడ్‌ఈడీ-ఎఫ్9పీ లాంటి రెండు పౌనఃపున్యాల రిసీవర్ కొని, చిన్న ఎల్1 యాంటెన్నా తగిలించి ‘ఫిక్స్ రావడం లేదు’ అనేవాళ్లు కొల్లలు.

ఒక్కసారే రాసే చిరునామా

బేస్‌ను మొదటిసారి ఆన్ చేయగానే ‘సర్వే-ఇన్’ అనే సులువైన దారి కనిపిస్తుంది. అయిదు నిమిషాలు సగటు తీసి, ఇదే నా చోటు అని రిసీవర్ తనే అనుకుంటుంది. ఆ సగటులో మీటరు దాకా తప్పు ఉండొచ్చు. ఆ రోజు పనికి ఇబ్బంది లేదు, సాళ్లన్నీ కలిసే జరుగుతాయి. ఇబ్బంది కరెంటు పోయి వచ్చినప్పుడు. రిసీవర్ మళ్లీ సర్వే-ఇన్ మొదలుపెట్టి ఇంకో చోటు అనుకుంటుంది. నిన్న విత్తిన సాళ్ల మీద ఇవాళ కలుపు గుంటక తోలితే మొక్కలే లేచిపోతాయి. తెర మీద ఫిక్స్ చక్కగా వెలుగుతూనే ఉంటుంది.

అందుకని సర్వే-ఇన్‌ను పరీక్షకే వాడి వదిలేయాలి. యాంటెన్నా స్థిరపడ్డాక 24 గంటల ముడి డేటాను 30 సెకన్ల ఎడంతో రికార్డు చేసి, రైనెక్స్ (ఏ రిసీవర్ డేటాకైనా పనికొచ్చే ఉమ్మడి రూపం) ఫైలుగా మార్చి, కెనడా ప్రభుత్వపు సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ సేవకో, ఆస్ట్రేలియా వారి ఆస్‌పాస్‌కో పంపాలి. రెండూ ఉచితమే. అడ్డంగా సెంటీమీటరు స్థాయి, ఎత్తులో మరి కాస్త ఎక్కువ తేడాతో నిరూపకాలు వస్తాయి. వాటిని బేస్‌లో ఫిక్స్‌డ్ మోడ్‌లో రాసి, ఫ్లాష్ మెమరీలో సేవ్ చేసి, ప్లగ్గు పీకి పెట్టి చూడండి. తిరిగి ఆన్ అయ్యాక అవే అంకెలు ఉండాలి. అదే అంకెలను కాగితం మీద రాసి డబ్బా మూతకు లోపల అంటించండి. రిసీవర్ కాలిపోయి కొత్తది పెట్టే రోజున ఆ కాగితమే కాపాడుతుంది.

ఎత్తు దగ్గర చాలామంది తడబడతారు. అడిగేది సముద్రమట్టం మీది ఎత్తు కాదు, ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే లెక్క కోసం భూమికి అనుకున్న నున్నటి ఆకారం మీది ఎత్తు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ రెంటికీ నడుమ 80 మీటర్ల పైనే తేడా ఉంది, ఎలిప్సాయిడ్ అంకె చిన్నది. గూగుల్‌లో ఊరి ఎత్తు చూసి రాస్తే ఆ తేడా మొత్తం లోపలికి వస్తుంది. బేస్ చోటులో ప్రతి 20 మీటర్ల తప్పుకూ దూరంలో కిలోమీటరుకు సుమారు ఒక మిల్లీమీటరు కోల్పోతాం. 80 మీటర్లకు నాలుగు, అయిదు కిలోమీటర్ల దూరంలో రెండు సెంటీమీటర్లు. ఆర్‌టీకే కొన్నదే ఆ రెండు సెంటీమీటర్ల కోసం.

ఇంకో మాట. భారత భూఫలకం ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. వేర్వేరు సంవత్సరాలను ఆధారంగా తీసుకున్న రెండు నిరూపక వ్యవస్థల నడుమ పదేళ్లకు అరమీటరు తేడా వస్తుంది. కాబట్టి సొంత బేస్ మీద గీసుకున్న సాళ్లను కార్స్ సవరణల మీద, లేదా కార్స్ మీద గీసుకున్న సాళ్లను సొంత బేస్ మీద నడపవద్దు. ఒక పొలానికి ఒకే ఆధారం.

రేడియో ఏది, ఎంత

దిగుమతి సైట్లలో 900 మెగాహెర్ట్‌జ్ అని అమ్మే రేడియోలు ఎక్కువగా అమెరికా కోసం చేసినవి, 902 నుంచి 928 మధ్య పనిచేస్తాయి. ఆ పౌనఃపున్యాల్లో కొంత భాగం మన దగ్గర మొబైల్ సేవలకు కేటాయించినది. అవి ఇక్కడ వాడకూడదు. లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 865–868 మెగాహెర్ట్‌జ్: 2005లో 867 వరకు ఇచ్చారు, 2021 నిబంధనల్లో 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ 1 వాట్ మించకూడదు, యాంటెన్నా బలం కలుపుకుని బయటికి పోయేది 4 వాట్లు మించకూడదు, ఒక్కో చానల్ వెడల్పు 200 కిలోహెర్ట్‌జ్. రేడియో మాడ్యూలుకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ వారి ఈటీఏ (పరికరానికిచ్చే) ఆమోదం ఉందో లేదో అడిగి కొనండి. 450 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల పనిచేసే సర్వే రేడియోలు చెట్లలోంచి బాగా దూరతాయి గానీ వాటికి లైసెన్సు తప్పనిసరి.

కాగితం మీద దూరం ఊరిస్తుంది. రెండు యాంటెన్నాల ఎత్తులకు వర్గమూలాలు తీసి, కూడి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో రేడియో దిగంతం వస్తుంది. బేస్ రేడియో 9 మీటర్ల ఎత్తున, ట్రాక్టరు మీదిది 3 మీటర్ల ఎత్తున ఉంటే 19 కిలోమీటర్లు. బంగారుపాళెం మామిడి తోటల్లోకి దిగితే అది మూడుకు పడిపోవచ్చు. కారణం: తరంగం ఒక గీతలా పోదు, మధ్యలో ఉబ్బుతుంది. 866 మెగాహెర్ట్‌జ్‌లో నాలుగు కిలోమీటర్ల దారికి నడిమధ్యన ఆ ఉబ్బు వ్యాసార్ధం సుమారు 19 మీటర్లు, అందులో 60 శాతం, అంటే 11 మీటర్లు, ఖాళీగా ఉండాలి. 9 మీటర్ల స్తంభానికీ 3 మీటర్ల ట్రాక్టరుకూ మధ్య గీత నేల నుంచి ఆరు మీటర్ల ఎత్తునే పోతుంది. తోతాపురి కొమ్మలు దానికి పైనే ఉంటాయి. వాన కురిసి ఆకు తడిసిన ఉదయం ఇంకా కష్టం. ఎండాకాలంలో దున్నేటప్పుడు చక్కగా పనిచేసిన లింకు చెరకు నిలువెత్తు పెరిగాక చావడం కూడా అందుకే.

అడ్డేమీ లేకపోతే బలానికి కొదవ లేదు. రేడియో బలాన్ని డీబీఎంలలో, దాని పెరుగుదలనూ తరుగుదలనూ డీబీలలో కొలుస్తారు; మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ సిగ్నల్ బలహీనం. 1 వాట్ అంటే 30 డీబీఎం. అయిదు డీబీ యాంటెన్నా, అయిదు కిలోమీటర్ల ఖాళీ దారిలో 105 డీబీ నష్టం, ట్రాక్టరు మీద రెండు డీబీ యాంటెన్నా, కేబులుకు ఒకటి పోనిస్తే చేరేది సుమారు మైనస్ 69 డీబీఎం. రిసీవర్ మైనస్ 105 దాకా వినగలిగితే 36 డీబీ మిగులు. తోట అందులో ఇరవై తిన్నా బతుకుతుంది. పొలం మూలల్లో కొలిచినప్పుడు మైనస్ 85 కంటే మెరుగ్గా ఉంటేనే నమ్మండి. మైనస్ 98 దగ్గర ఇవాళ పనిచేస్తుంది, వాన రోజున పనిచేయదు.

ఈ మిగులును జనం చేజేతులా పోగొట్టుకునేది కేబులు దగ్గర. సన్నటి ఆర్‌జీ-58 ఈ పౌనఃపున్యంలో మీటరుకు అర డీబీ తింటుంది. 10 మీటర్లు వేస్తే మూడింట రెండొంతుల బలం కేబుల్లోనే వేడైపోతుంది. ఎల్‌ఎంఆర్-400 అయితే అదే దూరానికి 1.3 డీబీ. ఇంకా మంచి ఉపాయం, రేడియోనే డబ్బాలో పెట్టి స్తంభం పైకి ఎక్కించి, కింది నుంచి ఆర్‌ఎస్-485 తీగ మీద డేటా పంపడం. ఆ తీగ వందల మీటర్లు పోయినా ఫరవాలేదు.

రిపీటర్ ఆఖరి మందు

లింకు అందని చోటు కనిపించగానే రిపీటర్ (బేస్ మాట విని తిరిగి పంపే రేడియో) కొనడం మన అలవాటు. ముందు బేస్ రేడియో స్తంభాన్ని మూడు మీటర్లు పెంచి చూడండి. బేస్ జీపీఎస్ యాంటెన్నా, రేడియో ఒకేచోట ఉండాలన్న నియమం లేదు. జీపీఎస్ మిద్దె మీద ఉండనిచ్చి రేడియోను పక్క గుట్టకు మార్చవచ్చు. చాలా పొలాల్లో దీంతోనే పని తీరుతుంది. గుట్ట అడ్డంగా నిలిచి అవతలి పొలం నీడలో పడితే అప్పుడు రిపీటర్.

రిపీటర్‌ను సిగ్నల్ చచ్చిపోయిన చోట పెట్టకూడదు. వినని మాటను అది తిరిగి చెప్పలేదు. బేస్‌ను మైనస్ 80 దగ్గర గట్టిగా వింటూ, అవతలి పొలాన్నీ చూడగలిగే చోటు వెతకాలి. దారికి సగంలో ఉండాలనేమీ లేదు. గుట్ట పట్టా భూమిలోదో, ప్రభుత్వానిదో, రిజర్వ్ ఫారెస్టో ముందు తెలుసుకోండి. శేషాచలం అడవి అంచున ఈ తేడా కంటికి కనిపించదు, రికార్డులోనే తెలుస్తుంది. పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు చాలా ఊళ్లలో మంచి చోటు, అనుమతి కాగితం తీసుకుని. రేణిగుంట విమానాశ్రయం దగ్గరైతే స్తంభం ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి సంగతి కూడా చూసుకోవాలి.

తరువాతి చిక్కు సమయానిది. బేస్ తన కొలతలను ఆర్‌టీసీఎం అనే ప్రామాణిక రూపంలో పంపుతుంది. ఆ సందేశాల్లో 1074, 1084, 1094, 1124 వరుసగా జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూ కొలతలు. వీటితో పాటు బేస్ చోటు చెప్పే 1005, గ్లోనాస్‌కు 1230. నాలుగు వ్యవస్థలూ పంపితే సెకనుకు సుమారు 600 బైట్లు. గాలిలో 9,600 బిట్ల వేగమంటే సెకనుకు 1,200 బైట్లు. బేస్ పంపడానికి అర సెకను, అదే చానల్‌లో రిపీటర్ తిరిగి పంపడానికి ఇంకో అర సెకను. సెకను నిండిపోయింది, ఊపిరి తీసుకునే చోటు లేదు. ఒకరి మీద ఒకరు మాట్లాడితే సందేశం చివరనున్న 24 బిట్ల సీఆర్‌సీ (సందేశం చెడిందా అని చూసే) తనిఖీలో తప్పి రోవర్ మొత్తాన్నీ పారేస్తుంది. రిపీటర్ పెట్టాక దగ్గరి పొలంలో కూడా ఫిక్స్ పోవడం మొదలైందంటే నూటికి తొంభై పాళ్లు ఇదే.

దీనికి మూడు మార్గాలు. గాలిలో డేటా పోయే వేగాన్ని సెకనుకు 19,200 బిట్లకు పెంచవచ్చు, రెట్టింపైన ప్రతిసారీ సుమారు 3 డీబీ వినికిడి పోతుంది. గ్లోనాస్‌ను ఆపేసి 1005ను పది సెకన్లకోసారి పంపవచ్చు, ముందు చేయాల్సింది ఇదే, ఖర్చు లేదు. పొరపాటున పెద్ద సందేశాలు 1077, 1087 ఎంచుకుని ఉంటే ఈ భారం రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది, చూసుకోండి. (శ్రీహరికోట నుంచి ఎగిరిన మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మన గుమ్మంలోదే గానీ మామూలు ఎఫ్9పీ దాన్ని వినదు, రోవర్ వినని వ్యవస్థను బేస్ పంపడం దండగ.)

మూడోది రెండు చానళ్లు. బేస్ 865 చివర, రిపీటర్ 868కి దగ్గరగా. రిపీటర్ డబ్బాలో రెండు రేడియోలు, ఒకదాని టీఎక్స్ (డేటా పంపే తీగ) రెండోదాని ఆర్‌ఎక్స్‌కు (అందుకునే తీగకు), గ్రౌండు గ్రౌండుకు. గుట్ట అవతలి ట్రాక్టర్లు రెండో చానల్ వింటాయి. ఇక్కడ యాంటెన్నాలు పక్కపక్కన పెడితే 1 వాట్ అరుపుకు వినే రేడియో చెవుడైపోతుంది. ఒకే స్తంభం మీద ఒకటి పైన, ఒకటి కనీసం మూడు మీటర్లు కింద ఉండాలి. రెండు రిపీటర్లు పెడితే ఒకదాని మాట ఒకటి విని తిప్పి తిప్పి పంపే ప్రమాదం ఉంది కాబట్టి వరుస సంఖ్యలు పెట్టుకోగల రేడియోలే కొనాలి.

రిపీటర్ రేడియోను మాత్రమే సాగదీస్తుంది. ఖచ్చితత్వం లెక్క ఇప్పటికీ బేస్ నుంచి ట్రాక్టరుకున్న దూరం మీదే: ఒక సెంటీమీటరు, దానికి తోడు కిలోమీటరుకో మిల్లీమీటరు. బేస్ నుంచి 15 కిలోమీటర్లు దాటాక మూడో రిపీటర్ కంటే రెండో బేస్ మేలు.

కరెంటు, పిడుగు, కోతులు

వ్యవసాయ కరెంటు పగటి తొమ్మిది గంటలే. దాన్ని నమ్ముకోవద్దు. బేస్ రిసీవర్, రేడియో కలిపి సగటున 3 వాట్లు తింటే రోజుకు 72 వాట్-గంటలు. 12.8 వోల్టుల 40 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 512 ఉంటాయి, ఎనభై శాతం వాడుకున్నా అయిదు రోజులకు పైనే. 50 వాట్ల పలక మామూలు రోజున నష్టాలు పోను 140 దాకా ఇస్తుంది. ఈశాన్య రుతుపవనం ముసురు పట్టిన నవంబరులో దానిలో సగం కూడా రాదు. బేస్‌కు 100 వాట్లు, రిపీటర్‌కు 50 వేసుకుంటే ముసురుకు తట్టుకుంటాయి. చవక చార్జ్ కంట్రోలర్లు, బోరు స్టార్టర్ డబ్బాలు రేడియోలోకి రొద పంపిస్తాయి, యాంటెన్నాకు రెండు మీటర్ల దూరాన ఉంచండి.

గుట్ట మీది స్తంభం పిడుగును పిలుస్తుంది. యాంటెన్నా తీగకు గ్యాస్ ట్యూబ్ అరెస్టర్, దాని నుంచి నేరుగా ఎర్త్ గుంతకు మందపాటి తీగ, వంపులు లేకుండా. ఎర్ర గరుసు నేల ఎండాకాలంలో ఎర్త్ పట్టదు. బొగ్గు, ఉప్పు వేసి ఏప్రిల్‌లో ఒకసారి నీళ్లు పోయాలి. డబ్బా ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ములు చొరనిది) అయినా తీగలు కింది నుంచే లోపలికి రావాలి, రంధ్రం దగ్గర సీలు లేకపోతే వానకంటే ముందు చీమలు చేరతాయి. చంద్రగిరి, తిరుపతి కొండ పాదాల్లో కోతులు వేలాడే తీగను వదలవు. తీగ మొత్తం జీఐ పైపు లోపల నుంచే పోవాలి.

ఫిక్స్ పోయినప్పుడు

ముందు తెర మీద ‘ఏజ్’ చూడండి, చివరి సవరణ ఎన్ని సెకన్ల కిందట వచ్చిందో చెప్పే అంకె. అది ఒకటి రెండు దగ్గర ఉండాలి. అయిదు, పది, ఇరవై అని పెరుగుతుంటే తప్పు రేడియోది: దారి, కేబులు, చానల్ ఢీకొనడం, బ్యాటరీ. ఏజ్ ఒకటే ఉండి ఫ్లోట్ దగ్గర ఆగిపోతే రేడియోను వదిలేయండి, తప్పు ఆకాశంలోనో యాంటెన్నాలోనో ఉంది: చెట్టు నీడ, వదులైన ఎస్‌ఎంఏ కనెక్టరు, బేస్ పక్కన కొత్తగా వేసిన రేకులు. ఏజ్ ఒకటి, ఫిక్స్ వెలుగుతోంది, అయినా సాలు పక్కకు పోయింది: బేస్ అంకెలు మారాయేమో డబ్బా మూత లోపలి కాగితంతో పోల్చండి. అవి సరిగ్గా ఉంటే ట్రాక్టరు ఒరుగును చూడండి. రెండున్నర మీటర్ల ఎత్తునున్న యాంటెన్నా 5 డిగ్రీలు ఒరిగితే నేల మీద 22 సెంటీమీటర్లు తప్పుతుంది. ఒరుగు సెన్సారును చదును నేల మీద, టైర్లలో గాలి సమానంగా ఉంచి, మళ్లీ సరిచేయాలి.

ఇవేవీ కాకుండా, అన్నీ సరిగ్గా ఉండి, రాత్రి ఏడు ఎనిమిది తరువాత ఫిక్స్ ఊగిసలాడే రోజులుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. మనది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరి ప్రాంతం. పొద్దు గుంకాక పైన అయనోస్ఫియరులో ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగల్లాంటివి లేస్తాయి, వాటిలోంచి వచ్చే ఉపగ్రహ తరంగం మిణుకుమంటుంది. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఏఆర్‌ఎల్ 53 మెగాహెర్ట్‌జ్ రాడారుతో ఏళ్లుగా వీటిని గమనిస్తోంది. సూర్యుడి చురుకు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో ఇంకా ముదురుతుంది. బేస్‌కూ ట్రాక్టరుకూ నడుమ దూరం తక్కువైతే కొంత నయం, నాలుగు వ్యవస్థలూ వింటే మరికొంత. అర్ధరాత్రి దాటాక సాధారణంగా సద్దుమణుగుతుంది కాబట్టి ఆ నెలల్లో రాత్రి విత్తనం పనిని తెల్లవారుజామున మూడు గంటలకు మార్చుకోవచ్చు.